తుడిచేసిన వెలుగు

ఫోటోలోని ఆ ఎర్ర చుక్క జ్యేష్ఠా నక్షత్రమని చుక్కలమ్మ రాసి పంపిన మర్నాడు, తప్పిపోయిన పడవని వెతకడానికి వెళ్ళిన పడవలన్నీ రేవుకి తిరిగొచ్చేశాయి. ఆ రెండింటికీ సంబంధం ఉందని ఆమెకు అప్పటికి తెలియదు.

కొండమీది ఖగోళశాలలో ఆమె ఉద్యోగం, జనం రాత్రిపూట ఆకాశాన్ని తీసి పంపే ఫోటోలు చూసి అందులో ఉన్నదేమిటో చెప్పడం. ఒక్కో ఫోటోకీ ఒక్క ముక్క జవాబు. విమానం. శుక్రుడు. కృత్రిమ ఉపగ్రహం. మీ కెమెరా అద్దంమీద దుమ్ము. ఆ ఒక్క ముక్క జనానికి చాలదు. పరలోకవాసుల వాహనమని పంపినవాడికి అది శుక్రుడని చెబితే, శుక్రమహర్దశ పట్టినట్టు సంతోషించడు కదా, నాలుగు తిట్లు తిట్టి తిరుగు జవాబు రాస్తాడు. చనిపోయిన తండ్రి వెలుగై ఇంటిమీద తిరుగుతున్నాడని రాసిన అన్నదమ్ములకి ఒకసారి, అది దోమ, ఫ్లాష్ వెలుతురులో అలా పడింది అని రాసింది. మెత్తగా చెప్పడం ఆమెకి చేతకాదు. యథార్థవాది లోకవిరోధి అని తోటి ఉద్యోగులు నవ్వితే, లోకాన్నే వచ్చి నా బదులు ఈ కుర్చీలో కూర్చోమనండి అనేది. చుక్కలమ్మ అన్న పేరు రేవులో పిల్లలు ఎగతాళికి పెట్టింది. పిలిచి పిలిచి అది ఎగతాళి అని కూడా అందరూ మర్చిపోయారు.

పడవలు తిరిగొచ్చిన ఆ ఉదయం ఒకావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చెప్పులనిండా రేవు బురద. చేతిలో సగం చిరిగిన కాగితం. గోడమీంచి పీక్కొచ్చిందేమో, వెనకవైపు ఎండిన జిగురు పెళ్ళలుగా రాలుతోంది.

"చుక్కలమ్మంటే మీరేనా?"

"ఏం కావాలి?"

"ఏమీ అక్కర్లేదు. మా ఆయన్ని చుక్కల్లో కలిపేసిన మనిషి ఎలా ఉంటుందో చూసి పోదామని వచ్చాను."

చుక్కలమ్మకి అప్పుడు అర్థమైంది. ముగ్గురు మనుషులతో వెళ్ళి తిరిగి రాని పడవ గురించి ఊరంతా మాట్లాడుకుంటోంది. వచ్చినావిడ ఆ పడవలో ఇంజన్ మేస్త్రి భార్య. బజారులో కళ్ళద్దాల దుకాణం అద్దాల కిటికీలో, సముద్రంమీద పాలపుంత లేస్తున్న పెద్ద ఫోటో ఒకటి పెట్టారు. పడవ కనిపించకుండా పోయిన రాత్రి కొండమీంచి తీసిందని కింద రాసి ఉంది. నీళ్ళకి పైన ఎర్రటి చుక్క చూసి మేస్త్రి భార్య ఆ ఫోటో నకలు అడిగి తీసుకుని, చుక్క చుట్టూ సున్నా చుట్టి రేవు కార్యాలయంలో ఇచ్చింది. కార్యాలయం దాన్ని ఖగోళశాలకి పంపింది. చుక్కలమ్మ నక్షత్రపటం పక్కన పెట్టుకుని, ఫోటో తీసిన సమయం, దిక్కు సరిచూసి, పదం కూడా ఎక్కువ రాయకుండా జవాబిచ్చింది.

"మీరు సున్నా చుట్టింది నక్షత్రమే. ఇవాళ అడిగినా అదే చెబుతాను, రేపడిగినా అదే చెబుతాను. మీ కోసం నక్షత్రం మారిపోదు."

"మారమని నేనడిగానా? చదువుకోండి ముందు." కాగితం బల్లమీద పడేసింది.

అది రేవు కార్యాలయం అంటించిన ప్రకటన. గాలింపు నిలిపివేయడమైనది. ఆ రాత్రి సముద్రంమీద ఎటువంటి ఆపద సంకేతమూ కనిపించలేదని ఖగోళశాల నిపుణులు ధ్రువీకరించారు. కింద సంతకం.

చుక్కలమ్మ ఆ రెండో వాక్యం మీద వేలు పెట్టి మళ్ళీ చదివింది. "ఇది నేను రాసింది కాదు."

"మీరు కాకపోతే ఇంకెవరు? ఈ ఊళ్ళో నిపుణులు ఎంతమందున్నారు?"

"చుక్క నక్షత్రమని రాశాను. సంకేతం కనిపించలేదని రాయలేదు."

"మాకు తేడా ఏముందమ్మా? పడవలు వెనక్కొచ్చేశాయి." గొంతు పెంచలేదు. అలా పెంచకపోవడమే ఎక్కువ కొట్టినట్టుంది. "వాళ్ళ దగ్గర ఎర్ర సిగ్నల్ రాకెట్లున్నాయి. తడవకుండా పాత రెయిన్‌కోటు ముక్కలో చుట్టి పెట్టింది నేనే. మా ఆయన వాటిని వెలిగించకుండా ఊరుకునే రకం కాదు. ఇంట్లో కరెంటు పోతేనే ఉన్న కొవ్వొత్తులన్నీ వెలిగిస్తాడు."

మేస్త్రి భార్య కాగితం తిరిగి తీసుకోలేదు. తలుపు వేయకుండానే వెళ్ళిపోయింది.

ప్రకటన కింద ఉన్న సంతకం చుక్కలమ్మకి చిన్నప్పటినుంచీ తెలిసిన చేతిరాత. రేవు గాలింపు విభాగం అధికారి ఆమె తమ్ముడే. ఒకే ఇంట్లో కింద వాటాలో తమ్ముడు, మరదలు, అమ్మ ఉంటారు. పై గదిలో ఆమె ఒక్కతే ఉంటుంది. భోజనం మాత్రం అందరిదీ కిందే.

సాయంత్రం తమ్ముడు కంచం ముందు కూర్చోగానే కాగితం అతని పక్కన పెట్టింది.

"నా మాట ఎందుకు మార్చావు?"

"తిననీ అక్కా."

"ఒక చుక్క గురించి అడిగితే ఒక చుక్క గురించి చెప్పాను. నువ్వు సముద్రం మొత్తానికి రాసేశావు."

"వాళ్ళు చూపించింది ఆ ఒక్క చుక్కేగా! అది కాదన్నావు. ఇంకేం మిగిలింది?"

"మిగిలిందో లేదో ఎవరు చూశారు?"

తమ్ముడు చెయ్యి కడిగేసుకున్నాడు. "నీకేం, కొండమీద కూర్చుంటావు. ఆ ఏడుపులన్నీ పొద్దున లేస్తే నా గుమ్మంలో. పైనుంచి ఒకటే ఫోన్లు, ఎన్నాళ్ళు వెతుకుతారు, ఇంకా ఏముందని వెతుకుతారు అని. పడమటి వైపు వెళ్ళారని పడవ యజమాని చెప్పాడు, పడమరంతా జల్లెడ పట్టాం. గాలికి నా పడవలు రెండు దెబ్బతిన్నాయి. రేపు నా మనుషులు మునిగితే వాళ్ళ పెళ్ళాలకి నువ్వొచ్చి చెబుతావా?"

ఆమె కాగితం కింద ఉన్న సంతకంమీద వేలు పెట్టింది.

"నా సంతకమే పెట్టాను కదా, నీది కాదుగా" అన్నాడు.

"నా పేరు చెప్పి నీ సంతకం పెట్టావు. అది ఇంకా అధ్వాన్నం."

మరదలు చప్పుడు చేయకుండా కంచాలు తీసేసింది. అమ్మ వంటింటి గుమ్మంలోంచే మాట అందుకుంది. "వాడి కూట్లో మట్టి కొడతావా ఏమిటే? బయట తిట్టేవాళ్ళు చాలలేదని ఇంట్లో నువ్వొకదానివా? చిన్నప్పుడూ ఇంతే. వాడు గీసిన బొమ్మ చూసి ఏనుక్కి ఐదు కాళ్ళున్నాయని చెబితేగాని నీకు నిద్రపట్టేది కాదు."

"ఐదు కాళ్ళే ఉన్నాయమ్మా దానికి."

"ఉంటే ఉన్నాయి! ఏడ్చింది వాడు కదా."

మర్నాడు ఖగోళశాలలో మిగతా పనంతా పక్కన పెట్టి చుక్కలమ్మ ఆ ఫోటోని మళ్ళీ తెరమీదికి తెచ్చింది. ఈసారి సున్నా లోపల కాదు, బయట చూసింది. నీటి అంచు వెంట ఎడమనుంచి కుడికి, తర్వాత పైకి, గళ్ళు గళ్ళుగా విడదీసి పెద్దది చేసుకుంటూ వెళ్ళింది. జ్యేష్ఠ ఉన్న వృశ్చికరాశి తోక వరకూ వచ్చింది. నక్షత్రాలు సూదిమొనల్లా ఉన్నాయి. సముద్రం నున్నగా, ఇస్త్రీ చేసినట్టుంది. ఎక్కడా ఏమీ లేదు.

మధ్యాహ్నానికి ఆ 'ఏమీ లేదు' దగ్గరే ఆమెకి తట్టింది. ఒక్క విమానం గీత కూడా లేదు. ఆ వైపు ఆకాశం విమానాల దారి. చీకటి పడితే చాలు, ఎవరు ఫోటో తీసినా ఒకటో రెండో గీతలు పడతాయి. వాటిని చూసి ఇదేమిటని అడిగేవాళ్ళతోనే ఆమె రోజు సగం గడుస్తుంది. ఇంత సేపు తీసిన ఫోటోలో ఒక్కటీ లేదంటే, అది ఒక ఫోటో కాదు. వరసగా తీసిన చాలా ఫోటోలని ఒకదానిమీద ఒకటి పేర్చి, అన్నింట్లోనూ ఉన్నవాటిని ఉంచి, తక్కినవి తుడిచేసి తయారుచేసిన బొమ్మ. అందులో నక్షత్రాలు తప్ప మరేవీ మిగలవు. ఆ బొమ్మలో సిగ్నల్ రాకెట్ కోసం చూడడం కడిగిన కంచంలో మెతుకులు వెతకడమే.

ఇది ఆమెకి తెలియని విద్య కాదు. మొదటిరోజే తెలియవలసింది. సున్నా చుట్టి ఇచ్చారు గనక సున్నాలోనే చూసింది.

కళ్ళద్దాల దుకాణంలో ఆ ఫోటో తీసిన దుకాణదారు ఒక్కడే ఉన్నాడు. అద్దం అంచుని సానరాయికి ఆనించి అరగదీస్తున్నాడు. ఆమెని చూసి చెయ్యి ఆపలేదు.

"రండి. కళ్ళు పరీక్ష చేయించుకోవడానికా? ఆలస్యమైనా మంచిదే."

ఆయన కోపానికి కారణం ఆమెకి తెలుసు. ఒకప్పుడు ఖగోళశాల సభలో ఆయన తాను కనిపెట్టిన తోకచుక్క అని ఒక ఫోటో చూపించాడు. చుక్కలమ్మ కుర్చీలోంచి లేవకుండానే, అది వీధిదీపం, కెమెరా అద్దంలో ప్రతిబింబించింది, పక్కకి కూర్చోండి అంది. సభంతా నవ్వింది. ఆయన ఇంటావిడ కూడా ముందు వరసలోనే ఉంది.

"కిటికీలో పెట్టిన బొమ్మ ఎన్ని ఫోటోలు కలిపి చేశారు?"

సానరాయి ఆగింది. "చాలా. లెక్కపెట్టలేదు."

"కదిలేవన్నీ తీసేశారు."

"నేను తీయక్కర్లేదు, ప్రోగ్రామే తీసేస్తుంది. మీకు తెలియనిదా?"

"తెలుసు" అంది. "విడి ఫోటోలు కావాలి నాకు."

"చెరిపేశాను."

మరీ త్వరగా అన్నాడు. చుక్కలమ్మ కళ్ళ పరీక్షకి వేసిన కుర్చీలో కూర్చుంది. ఎవరో ముసలాయన ఫ్రేము బిగించుకోవడానికి వచ్చాడు. ఒక అమ్మాయి అద్దాలు తీసుకుని వెళ్ళింది. ఆమె కదల్లేదు. కళ్ళద్దాలాయన తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాడు. దుకాణం ఖాళీ అయ్యాక, ఆమెవైపు చూడకుండా అన్నాడు.

"విమానం అనుకున్నాను."

"ఏది?"

ఆయన చేతిలో అద్దాన్ని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ఎప్పుడు చూశారు?"

"ఆవిడ వచ్చి నకలు పట్టుకెళ్ళిన సాయంత్రం. ఎందుకో మనసాగక పాతవి తీసి చూశాను."

"అప్పటికింకా పడవలు తిరుగుతున్నాయి!"

"మరేం చెయ్యమంటారు?" ఆయన గుడ్డ విసిరేశాడు. "మీ దగ్గరికి తేవాలా? నేను సిగ్నలంటే మీరు మళ్ళీ పదిమందిలో వీధిదీపమనేవారు. తర్వాత మీరే నక్షత్రమని రాశారని తెలిసింది. సరే, పెద్దవాళ్ళు చెప్పారు, మనకెందుకని ఊరుకున్నాను. తుడిచింది నేనని తెలిస్తే ఆ రేవువాళ్ళు నన్ను బతకనిస్తారా?"

ఆమె కుర్చీలోంచి లేచింది. "చూపించండి" అంది.

వెనక గదిలో, అద్దాల పొడి మెత్తగా పరుచుకున్న బల్లమీద ఆయన కంప్యూటరు తెరిచాడు. విడి ఫోటోలు ఒకదాని తర్వాత ఒకటి తెరమీదికొచ్చాయి. చుక్కలమ్మ కాదనడానికే కూర్చుంది. ఆమెకి చేతనైన పద్ధతి అదొక్కటే. ముందు అది ఏవేవి కాదో చూస్తుంది. ఒకదాంట్లో, వృశ్చికం తోక కింద, నీళ్ళనుంచి పైకి లేచిన సన్నటి గీత. తర్వాతిదాంట్లో గీత లేదు, దాని పైకొసన ఎర్రటి ముద్ద. ఆ తర్వాతిదాంట్లో ముద్ద కాస్త కిందికి, కాస్త ఎడమకి జరిగింది, మసకబారింది. ఆ తర్వాత ఉత్త సముద్రం.

"విమానమైతే మినుక్కుమంటూ గీత చుక్కలు చుక్కలుగా పడుతుంది" అంది, తనకి తానే చెప్పుకుంటున్నట్టు. "ఉపగ్రహం తెల్లగా ఉంటుంది, అలా వేలాడదు. ఉల్క ఒక్క ఫోటోలోనే పోతుంది. ఇది లేచింది, వెలిగింది, గాలికి పక్కకి జరుగుతూ దిగింది." రెండో ఫోటో కింది భాగం పెద్దది చేసింది. ఆ ముద్ద కింద నీళ్ళు లేత ఎరుపుగా మెరిశాయి. "సిగ్నల్ రాకెట్."

కళ్ళద్దాలాయన తెర దగ్గరికి వంగి చూశాడు.

కెమెరా నిలబెట్టిన చోటు ఆయన చేత పటంమీద గుర్తు పెట్టించింది. రాకెట్ ఏ నక్షత్రాల కింద ఉందో చూసి, ఆ వేళకి ఆ నక్షత్రాలు ఏ దిక్కున ఉంటాయో లెక్కకట్టి, కొండమీంచి సముద్రంలోకి గీత గీసింది. అది పడమర కాదు. పడమరకి దగ్గర కూడా కాదు. దక్షిణం దాటి కొంచెం తూర్పు.

లేస్తూ అంది, "ఆ తోకచుక్క వీధిదీపమే. ఇవాళైనా అదే అంటాను."

"అంటారని తెలుసు."

"ఇది మాత్రం మీరు కనిపెట్టిందే."

రేవు కార్యాలయంలో తమ్ముడు ఆ మూడు ఫోటోల్నీ బల్లమీద పక్కపక్కన పెట్టుకుని చూశాడు. బొటనవేలితో చొక్కా గుండీని తిప్పుతూనే ఉన్నాడు.

"దీన్ని ఒప్పుకుంటే మేం వెతికింది తప్పు వైపు, ఆపింది తప్పు రోజు."

"అవును."

"అలా అవును అనకు! వేరే ఏదన్నా అను."

"పడవలు పంపు."

"పైవాళ్ళని అడగాలి. కాగితం కదలాలి అక్కా, సాయంత్రానికో రేపటికో..." గొంతు తగ్గించాడు. "అప్పటిదాకా ఇది మన మధ్యే ఉండనీ. ఇంట్లో మనిషిగా అడుగుతున్నాను."

చుక్కలమ్మ బల్లమీంచి పటం తీసుకుంది. "ఇంట్లో నన్ను అడిగి ఉంటే బాగుండేది, ఆ ప్రకటన రాసే ముందు."

కార్యాలయం వరండా నిండా పడవల వాళ్ళు, తిరిగిరాని ఆ ముగ్గురి ఇళ్ళవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఆమె బయటికి రావడం చూసి ఎవరో "అదిగో" అన్నారు. ఇంకెవరో ఉమ్మేశారు. పదిమందిలో మాట్లాడడం ఆమెకి అలవాటు లేదు. నేలమీద కూర్చుని పటం పరిచి, గీత చూపించింది.

"ఆ రాత్రి ఇక్కడినుంచి ఎర్ర రాకెట్ లేచింది. ఈ గీత మీద ఎక్కడో. ఎంత దూరమో చెప్పలేను, దిక్కు మాత్రం ఇదే."

పడవ నడిపే ఒక పెద్ద సరంగు ముందుకి వంగాడు. "మొన్న కాదన్నావు. ఇవాళ అవునంటున్నావు. ఏది నమ్మమంటావు?"

"మొన్న చెప్పింది వేరే చుక్క గురించి."

"మా ప్రాణాలతో చుక్కలాటా నీకు?" అని వెనకనుంచి ఒకడు లేచాడు. నలుగురు లేచారు. ఒక చెయ్యి పటం అంచు పట్టుకుని లాగింది.

మేస్త్రి భార్య ఆ చేతిమీద చెయ్యి వేసి తీసేసింది. "చింపకు. తిట్టడానికి తర్వాత బోలెడు టైముంది. ముందు పడవలు తియ్యండి."

కాగితం కదలకముందే పడవలు కదిలాయి. అన్ని రోజుల గాలీ, నీటి వాలూ లెక్క వేసుకుని సరంగులు గీతకి ఇంకా తూర్పుగా వెళ్ళారు. తమ్ముడు కిటికీ దగ్గర నిలబడి అవి రేవు దాటడం చూశాడు. ఆపమని మాత్రం ఎవరికీ ఫోన్ చేయలేదు.

మర్నాడు మధ్యాహ్నం పడవ దొరికింది. అందులో ముగ్గురూ ఉన్నారు. ఇద్దరు బతికి ఉన్నారు. ఇంజన్ బాగుచెయ్యబోతే మేస్త్రి కాలు నలిగిందట. పుండై జ్వరం వచ్చి, గాలింపు ఆపేసిన మర్నాటి రాత్రి పోయాడట. మిగతా ఇద్దరి ఇళ్ళవాళ్ళు రేవులో ఏడుస్తూ నవ్వుతుంటే, మేస్త్రి భార్య పడవ దగ్గరికి ఒక్కతే నడిచింది. కొండమీంచి చుక్కలమ్మ దూరదర్శిని అటు తిప్పి ఉంటే చూడగలిగేదే. తిప్పలేదు.

విచారణ వేశారు. దానికి ముందురోజు తమ్ముడు చాలాకాలం తర్వాత పై గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. టైపు చేసిన కాగితం ఇచ్చాడు. ఆమె వాంగ్మూలం. ఆమెకి శ్రమ లేకుండా అతనే తయారుచేశాడు.

చదివింది. తనకు పంపిన ఫోటో ఒక్కటే. అందులో గుర్తుపెట్టిన బిందువు జ్యేష్ఠా నక్షత్రం. ఆ ఫోటోలో ఆపద సంకేతం లేదు. తర్వాత వేరే ఫోటోలు దొరికాయి.

"ఇందులో ఒక్క అబద్ధం చూపించు" అన్నాడు.

"లేదు."

"నువ్వు మాట్లాడే పద్ధతే ఇది. అడిగినదానికి అడిగినంత. సంతకం పెట్టు. నీకూ మచ్చ రాదు, నాకూ రాదు."

ప్రతి వాక్యమూ నిజమే. ఇన్నేళ్ళుగా ఆమె జనానికి పంపిన జవాబుల్లాంటి వాక్యాలే అవి, పదం ఎక్కువ లేకుండా. అవన్నీ వరసగా నిలబడి, తనూ తమ్ముడూ బయటికి కనబడకుండా ముందు తలుపు మూసేస్తున్నాయి.

కలం తీసి కింద మిగిలిన చోట రాసింది. 'ఆ ఫోటో శుభ్రం చేసినదని చూడగానే గుర్తుపట్టవలసింది. విడి ఫోటోలు అడగడం నా పని. అడగలేదు. ఆ ఒక్క ఫోటో చూసి సముద్రంమీద ఏ సంకేతమూ లేదని ఎవరూ చెప్పలేరు. నేను చెప్పలేదు.' సంతకం పెట్టింది.

తమ్ముడు నిలబడే చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "నువ్వు మునిగి నన్నూ ముంచుతున్నావు."

"అవును."

"అమ్మకి నువ్వే చెప్పుకో."

మెట్లు దిగిపోయాడు. కింద చాలాసేపు మాటలు వినిపించాయి, ఎక్కువ అమ్మవే. ఆ పూట భోజనానికి ఆమెని ఎవరూ పిలవలేదు.

విచారణ జరిగే భవనంలో వరండా పొడవునా ఒకటే బల్ల. తమ్ముడు లోపలికి వెళుతూ ఆమెని గోడని చూసినట్టు చూశాడు. బల్ల ఒక కొసన కళ్ళద్దాలాయన తల వంచుకుని కూర్చున్నాడు. పక్కన రేవు మనుషులు. ఆ చివర మేస్త్రి భార్య. ఆమె పక్కన పెద్ద గుడ్డసంచి, దాని పక్కన ఇంకెవరో. ఖాళీ లేదు.

చుక్కలమ్మ ఆవిడ ఎదురుగా నిలబడింది. ఏదో అనాలని ఇంటినుంచి అనుకుంటూ వచ్చింది. ఇక్కడికొచ్చాక అదేమీ అనదగ్గట్టు లేదు.

"నాకు సాయం చేశారని అందరూ అంటున్నారు" అంది మేస్త్రి భార్య, తలెత్తకుండా. "నేననను."

"అనొద్దు."

"లోపల ఏం చెబుతారు?"

"నేను చూడవలసినంత చూడలేదని."

మేస్త్రి భార్య అప్పుడు తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. ఆ చూపులో క్షమ లేదు, దయ లేదు. లోపల ఎవరో తమ్ముడి పేరు పిలిచారు. తలుపు మూసుకుంది. ఇంకా చాలాసేపు పట్టేలా ఉంది.

మేస్త్రి భార్య జరగలేదు. పక్కనున్న సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది.